ఆయింట్‌మెంట్, అంజనం, ఆజ్యం: ఒక్క వేరు నుంచి వచ్చిన మాటలు

అమృతాంజనం పేరు వినని తెలుగువాళ్ళు ఉండరేమో. 1893లో బొంబాయిలో కాశీనాథుని నాగేశ్వరరావు గారు మొదలుపెట్టిన మందు అది, దాని మీద వచ్చిన డబ్బుతోనే 1908లో అక్కడే ఆంధ్రపత్రిక పెట్టారు, ఆ కథంతా చాలామంది చాలాసార్లు రాశారు కాబట్టి నేను మళ్ళీ రాయను. నాకు కావాల్సింది ఆ సీసా మీద ఉన్న పేరు. అమృతం సరే, అర్థమైంది. అంజనం అంటే కాటుక కదా, కళ్ళకి పెట్టుకునేది, మరి తలనొప్పి వస్తే నుదుటికి రాసుకునే పసుప్పచ్చ మందుకి అంజనం అని ఎందుకు పెట్టినట్టు?

తెలుగులో అంజనం అనగానే మనకి గుర్తొచ్చేవి రెండే. ఒకటి కాటుక. రెండోది అంజనం వేసి చూడటం, అంటే అరచేతిలోనో తమలపాకు మీదో నల్లటి మసి లాంటిది పూసి పోయిన వస్తువు ఎక్కడుందో అందులో కనిపిస్తుందని చెప్పడం (ఆ నమ్మకం సంగతి ఇక్కడ వద్దు, మాట వరకే చూద్దాం). శని స్తోత్రంలో నీలాంజన అని వస్తుంది, అక్కడా నలుపే. ఇలా వినీ వినీ అంజనం అంటే నలుపు అని మన బుర్రలో స్థిరపడిపోయింది. కానీ సంస్కృతంలో ఈ మాటకి అసలు అర్థం రంగుతో సంబంధం లేనిది. అంజనం అంటే పూసేది. అంతే.

సుశ్రుతుడు రాసిన పాత ఆయుర్వేద గ్రంథం సుశ్రుత సంహితలో కంటి జబ్బుల భాగం చూస్తే ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. అక్కడ అంజనం అంటే కంటికి పెట్టే మందు, అది మాత్రలా ఉంటే గుటిక, చిక్కటి రసంలా ఉంటే రసక్రియ, పొడిలా ఉంటే చూర్ణం. చేసే పనిని బట్టి కూడా మూడు రకాలు చెప్తాడు, గీకి శుభ్రం చేసేది లేఖనం, మాన్పేది రోపణం, చూపుని తేటపరిచేది ప్రసాదనం. మాను పసుపు కషాయాన్ని కాచి చిక్కబరిచి చేసేదాన్ని రసాంజనం అంటారు, అది మసితో చేసే కాటుక కాదు. అంటే నాగేశ్వరరావు గారు పెట్టిన పేరు సంస్కృతం తెలిసిన మనిషి పెట్టిన పేరు, మాటని దాని పాత అర్థంలో వాడిన పేరు. నాకు ఇది తెలిసినప్పుడు చాలా సంతోషం వేసింది, చిన్నప్పట్నుంచి చూస్తున్న పేరులో ఇంత సరైన లెక్క ఉందా అని.

ఇక ఇక్కడి నుంచి అసలు విషయం. అంజనం అనే మాట అంజ్ అనే ధాతువు నుంచి వచ్చింది. పాణిని సంప్రదాయంలో ధాతుపాఠం అని ధాతువుల జాబితా ఒకటి ఉంటుంది, ఏ ధాతువుకి ఏ అర్థమో రెండు మూడు మాటల్లో చెప్తుంది. అందులో దీన్ని "అంజూ వ్యక్తి మ్రక్షణ కాంతి గతిషు" అని పెట్టారు. మ్రక్షణం అంటే పూయడం. కాంతి అంటే మెరుపు. వ్యక్తి అంటే బయటపడటం, కనబడటం. గతి అంటే వెళ్ళడం, దాని జోలికి నేను పోను. పూయడానికీ కనబడటానికీ ఏంటి సంబంధం అని మొదట అనిపిస్తుంది కానీ ఎండిపోయిన పాత చెక్కకి నూనె రాసి చూడండి, అంతవరకు కనిపించని గీతలన్నీ పైకి తేలతాయి, రంగు నిగనిగలాడుతూ బయటికొస్తుంది. పూస్తే మెరుస్తుంది, మెరిస్తే కనిపిస్తుంది. మూడు అర్థాలూ ఒకే పనిలో ఉన్నాయి.

ఈ కనబడటం అనే అర్థంలోంచి పుట్టిన మాటలు మనం రోజూ వాడుతున్నాం. వి అనే ఉపసర్గ చేర్చితే వ్యక్తం, వ్యక్తి, వ్యంజనం, వ్యంగ్యం. వ్యక్తి అంటే మనిషి అని మనం అనుకుంటాం, మొదట్లో అయితే విడిగా స్పష్టంగా కనిపించేది అని. వ్యంగ్యం అంటే వెటకారం అనే అర్థం తర్వాత వచ్చి చేరింది, అలంకారశాస్త్రంలో వ్యంగ్యం అంటే మాటల్లో నేరుగా చెప్పకుండా స్ఫురింపజేసినది. ఈ మాటలన్నీ నూనె రాసే ధాతువు లోంచి వచ్చాయంటే మొదటిసారి నేను కూడా నమ్మలేదు, డిక్షనరీలు తిరగేసి చూసుకున్నాకే ఒప్పుకున్నా.

పూయడం అనే అర్థం వైపు వస్తే ఇంకా దగ్గర చుట్టాలు దొరుకుతారు. అభి చేర్చితే అభ్యంజనం, ఒళ్ళంతా నూనె పట్టించడం. అదే ధాతువుకి ఇంకో ప్రత్యయం చేరితే జ కాస్తా గ అయిపోతుంది (యుజ్ నుంచి యోగం, త్యజ్ నుంచి త్యాగం వచ్చినట్టే), అలా వచ్చింది అభ్యంగం, మనం అభ్యంగన స్నానం అంటున్నామే అదే. నిర్ చేర్చితే నిరంజనం, అంటే ఏ పూతా లేనిది, ఏ మరకా అంటనిది. దేవుణ్ణి నిరంజనుడు అనడం అందుకే. ఆ చేర్చితే ఆజ్యం! హోమంలో వేసే నెయ్యి. అగ్నికి ఆజ్యం పోసినట్టు అని మనం పోట్లాటల గురించి మాట్లాడేటప్పుడు వాడే ఆజ్యం. అంజనం, ఆజ్యం పక్కపక్కన పెట్టి చూస్తే చెవికి కూడా దగ్గరగానే వినిపిస్తాయి కానీ ఇన్నేళ్ళలో ఎప్పుడూ కలిపి ఆలోచించలేదు.

ఇప్పుడు ఇంగ్లీష్ వైపు. ఆయింట్‌మెంట్ అనే మాట ఇంగ్లీష్‌లోకి పాత ఫ్రెంచ్ నుంచి వచ్చింది, ఫ్రెంచ్‌లో ఒన్యెమాన్ లాంటి పలుకుబడి, మధ్యలో ట లేదు, అనాయింట్ అనే ఇంకో మాట ప్రభావంతో ఇంగ్లీష్ వాళ్ళ నోట్లో ట వచ్చి చేరింది. ఫ్రెంచ్‌కి లాటిన్ నుంచి వచ్చింది. లాటిన్‌లో పూతమందు ఉంగ్వెంటుమ్, పూయడం ఉంగ్వెరె. పాత డాక్టర్ల చీటీల్లో, మెడికల్ పుస్తకాల్లో ఉంగ్ అని పొట్టిగా రాసేది ఈ ఉంగ్వెంటుమ్‌నే. ఈ ఉంగ్వెరె, సంస్కృతంలో అంజ్, రెండూ ఒకే పాత మాటకి రెండు రూపాలు.

ఇక్కడ కొంచెం ఆగి ఒక మాట చెప్పాలి. ఇలాంటివి చెప్పగానే ఇంటర్నెట్‌లో వెంటనే రెండు రకాల జనం వస్తారు, చూశారా ఇంగ్లీష్ అంతా సంస్కృతం నుంచే వచ్చింది అనేవాళ్ళు ఒక రకం, ఏదో శబ్దం కలిసిందని చుట్టరికాలు కలిపేస్తున్నారు అనేవాళ్ళు ఇంకో రకం. రెండూ సరి కాదు. లాటిన్ మాట సంస్కృతం నుంచి రాలేదు, సంస్కృతం మాట లాటిన్ నుంచీ రాలేదు, రెండింటికంటే ముందు రాతలో లేని ఒక పాత భాష ఉండేది, భాషాశాస్త్రం వాళ్ళు దాన్ని ప్రోటో ఇండో యూరోపియన్ అంటారు, దాని నుంచి రెండూ వేరు వేరుగా వచ్చాయి. ఇక శబ్దం కలవడం అంటారా, ఒక్క మాట కలిస్తే యాదృచ్ఛికం అనొచ్చు, కానీ ఒక వరస మొత్తం కలిస్తే అనలేం. సంస్కృతంలో యుజ్ అనే ధాతువు ఉంది, కలపడం అని, అది అంజ్ ఉన్న గణంలోదే, రెండూ ఒకే రకంగా నడుస్తాయి. యునక్తి అంటే కలుపుతాడు, అనక్తి అంటే పూస్తాడు. లాటిన్‌లో కలపడం యుంగెరె, పూయడం ఉంగ్వెరె. యుక్తం అంటే కలిసినది, అక్తం అంటే పూసినది (ఘృతాక్తం అంటే నెయ్యి పూసినది అని మంత్రాల పుస్తకాల్లో కనిపిస్తుంది). ఇంగ్లీష్‌లో జంక్షన్ అనే మాట ఆ యుంగెరె నుంచి, చర్చిలో నూనె పూసే కర్మని అంక్షన్ అనడం ఈ ఉంగ్వెరె నుంచి. యుక్త, జంక్షన్. అక్త, అంక్షన్. రైల్వే జంక్షన్‌లో నిలబడినప్పుడు యోగం గుర్తురావడం నాకు ఈ మధ్య అలవాటైపోయింది.

ఇంకో గమ్మత్తు కూడా ఉంది. అమృతం అంటే అ, మృత, చావు లేనిది. గ్రీకులో దేవతల ఆహారాన్ని అంబ్రోసియా అంటారు, దానర్థమూ చావు లేనిది అనే, అదీ ఇదే వేరు. అంటే అమృతాంజనం అనే పేరుని ముక్కలు చేసి దాని దూరపు చుట్టాలని పెడితే అంబ్రోసియా, ఆయింట్‌మెంట్ అని వస్తుంది. రెండు భాగాలకీ అటువైపు చుట్టాలున్నారు.

ఈ ఉంగ్ కుటుంబం అక్కడితో అయిపోలేదు. ఐరిష్ భాషలో వెన్నని ఇమ్ అంటారు, వెల్ష్‌లో ఎమెనిన్, స్విట్జర్లాండ్ జర్మన్‌లో ఆంకె. ఈ మూడూ ఇదే వేరు నుంచి వచ్చినవే. మనకి హోమంలో నెయ్యి ఆజ్యం, వాళ్ళకి వెన్న ఆంకె. ఎక్కడెక్కడో ఉన్న మనుషులు, పూయడం అనే మాట నుంచి వెన్నకీ నెయ్యికీ పేరు పెట్టుకున్నారు. ఎందుకంటే చాలాకాలం వెన్న, నెయ్యి, నూనె, కొవ్వు ఇవే పూతమందులు. గాయానికి పసరు పెట్టాలన్నా వేర్ల పొడి పెట్టాలన్నా అది ఒంటికి అతుక్కోవాలి, ఆరిపోకూడదు, చర్మం పగలకూడదు, దానికి జిడ్డు కావాలి. నాకు ఈ మాటల వెంట తిరిగితే అర్థమైంది ఇదే, మందు పేర్లలో రోగం పోవడం గురించి దాదాపు ఏమీ లేదు, జిడ్డు ఉంది, చెయ్యి ఉంది, పూయడం ఉంది.

సాల్వ్ అనే ఇంకో ఇంగ్లీష్ మాట చూడండి, అదీ పూతమందే. అది ఫ్రెంచ్ దారిలో రాలేదు, జర్మానిక్ భాషల సొంత మాట, జర్మన్‌లో ఇప్పటికీ జాల్బె అంటారు. దీని చుట్టం సంస్కృతంలో సర్పిస్సు. సర్పిస్సు అంటే ఏంటనుకుంటున్నారు, నెయ్యి! మళ్ళీ నెయ్యే! ఆయుర్వేదం చదివినవాళ్ళకి ఈ మాట బాగా తెలుసు, చరకుడు స్నేహాలు నాలుగు అని చెప్తూ సర్పి, తైలం, వస, మజ్జ అంటాడు, నెయ్యి, నూనె, కొవ్వు, ఎముకలో మూలుగ. మన పాత వ్యాకరణం వాళ్ళు సర్పిస్సుని సృప్ అనే ధాతువు నుంచి, అంటే పాకేది, జారేది అని చెప్పారు, సర్పం వచ్చిన ధాతువే. కరిగిన నెయ్యి జారుతుంది కాబట్టి వినడానికి బానే ఉంటుంది. ఇప్పటి భాషాశాస్త్రం మాత్రం పాము సర్పం వేరు, నెయ్యి సర్పిస్సు వేరు అంటుంది, ఈ సర్పిస్సు జిడ్డు అనే అర్థం ఉన్న ఇంకో వేరు నుంచి వచ్చింది, సాల్వ్ కూడా అక్కడి నుంచే. నాకూ రెండోదే సబబు అనిపిస్తుంది, ఎందుకంటే గ్రీకులో, మధ్య ఆసియాలో ఒకప్పుడు ఉన్న తోఖారియన్ భాషలో కూడా అదే వేరు నూనె అనే అర్థంతోనే దొరుకుతుంది, పాకడంతో సంబంధం లేకుండా.

చరకుడు వాటిని స్నేహాలు అన్నాడు అన్నాను కదా, అది కూడా వదిలేయబుద్ధి కావడం లేదు. స్నేహం అంటే మొదట జిడ్డు, తడి, నునుపు. నూనె పట్టించే చికిత్స స్నేహనం. ఫ్రెండ్‌షిప్ అనే అర్థం దాంతోపాటే ఉంది, అతుక్కుని ఉండటం అని.

ఇక లేపనం. పుస్తకాల తెలుగులో ఆయింట్‌మెంట్‌కి మనం వాడే మాట ఇదే. ఇది లిప్ అనే ధాతువు, అర్థం పూయడం, అంటించడం. దీనికీ అటువైపు పెద్ద కుటుంబమే ఉంది. గ్రీకులో లిపోస్ అంటే కొవ్వు, బ్లడ్ టెస్ట్‌లో లిపిడ్ ప్రొఫైల్ అని రాస్తారు చూడండి, ఆ లిపిడ్ అక్కడి నుంచి వచ్చింది. లేపనం, లిపిడ్ ఒకటే వేరు. ఇంగ్లీష్‌లో లైఫ్ కూడా ఈ వేరు నుంచేనని చెప్తారు, అతుక్కుని ఉండటం, ఉండిపోవడం, మిగలడం, బతికుండటం అని అర్థం అలా జరుగుతూ వచ్చింది.

లిప్ నుంచి మనకి వచ్చిన ఇంకో మాట నిర్లిప్తం. ఏదీ అంటనట్టు ఉండటం. పైన నిరంజనం చూశాం కదా, అదీ పూత లేనిది, ఇదీ పూత లేనిది. వేరు వేరు ధాతువులే కానీ ఆలోచన ఒకటే, లోకం ఒంటికి అంటుకోకుండా ఉండటం. దీనికి మన తెలుగులో ఏమంటామో తెలుసా, అంటీముట్టనట్టు. అంటు అనే తెలుగు మాటకి కూడా అచ్చం లిప్‌కి ఉన్న రెండు అర్థాలే ఉన్నాయి, పూయడం, అతుక్కోవడం. తలంటు అంటే తలకి నూనె పూయడం, అంటువ్యాధి అంటే అతుక్కునే జబ్బు. తెలుగు ద్రావిడ భాష, సంస్కృతంతో పుట్టుకలో ఏ సంబంధం లేదు, అయినా ఆలోచన అదే దారిలో నడిచింది. అభ్యంగనం, తలంటు అని రెండు మాటలూ మనకి ఇప్పటికీ వాడుకలో ఉండటం, రెండింటిలోనూ పూయడమే ఉండటం, ఇది నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే ఇష్టమైన విషయం.

లిపి కూడా లిప్ నుంచే వచ్చిందని చాలాచోట్ల చదువుతారు, సిరా పూసి రాస్తారు కాబట్టి అని. అది అంత తేలిగ్గా ఒప్పుకోవాల్సింది కాదు. అశోకుడి శాసనాల్లో చాలాచోట్ల లిపి అనే ఉంటుంది కానీ వాయువ్యంలో షాబాజ్‌గఢీ శాసనంలో అదే చోట దిపి అని ఉంది, పాత పర్షియన్‌లో శాసనాన్ని దిపి అనేవాళ్ళు, అక్కడి నుంచి వచ్చిన మాట ఇక్కడ లిప్ ప్రభావంతో లిపి అయిందని ఎక్కువమంది పండితులు అంటారు. నాకైతే ఆ వాదన గట్టిగానే అనిపించింది. తెలుగులో చూస్తే ఇంకో రకంగా అదే జరిగింది, మనం ఉత్తరం రాస్తాం, మందూ రాస్తాం. ఇవి ఒకే మాట అనిపిస్తుంది కానీ వేరు, ఉత్తరానిది వ్రాయు, మందుది రాయు, రాచు, రాపిడి అనే మాటలో ఉన్నదే, రుద్దడం అని. వ్రాలో వ జారిపోయాక రెండూ ఒకేలా వినిపిస్తున్నాయి. డాక్టర్ మందు రాశాడు అంటే చీటీ మీదా, ఒంటి మీదా అనేది సందర్భం బట్టి తెలుసుకోవాల్సిందే.

లేపనం గురించి సుశ్రుతుడు సూత్రస్థానం 18వ అధ్యాయంలో చెప్పింది చదివితే ఇది ఎంత జాగ్రత్తగా చేసే పనో తెలుస్తుంది. మూడు రకాలు అంటాడు, పల్చగా చల్లగా ఉండేది ప్రలేపం, మందంగా ఉండేది ప్రదేహం, మధ్యస్థంగా ఉండేది ఆలేపం. పూత మందం తడి గేదె తోలంత ఉండాలట. వెంట్రుకలు వాలిన వైపుకి పూయకూడదు, ఎదురు పూయాలి, అప్పుడే మందు వెంట్రుకల మొదళ్ళ నుంచి లోపలికి దిగుతుందని. ఎండిపోయిన పూతని అలాగే ఉంచకూడదు, పిండాల్సిన పుండు అయితే తప్ప. రాత్రి పూయకూడదు అని కూడా ఉంది. ఇది ఇప్పుడు పాటించమని చెప్పడం లేదు, కానీ చేత్తో రోజూ చేసి చేసి చూసినవాడు తప్ప ఇలా రాయలేడు.

బామ్ మాత్రం ఈ గుంపులో కలవదు. దీనిలో జిడ్డు లేదు, వాసన ఉంది. హీబ్రూలో బోసెమ్, బాసామ్ అని సువాసన ద్రవ్యానికి పేరు, ఆ సెమిటిక్ మాట గ్రీకులోకి బల్సమోన్‌గా వెళ్ళింది, లాటిన్‌లో బల్సముమ్, ఫ్రెంచ్‌లో ల కరిగిపోయి బోమ్, బామ్ లాగా అయింది, తర్వాత లాటిన్ చదువుకున్నవాళ్ళు స్పెల్లింగ్‌లో ల తిరిగి పెట్టారు కానీ నోటికి రాలేదు. అందుకే మనం తెలుగులో బామ్ అనే రాస్తాం. లాటిన్ నుంచి నేరుగా వచ్చిన బాల్సమ్‌లో ల అలాగే ఉంది. ఆ మొదటి బాల్సమ్ ఒక చెట్టు బంక, యూదయ దేశంలో ఎన్గెదీ, యెరికో తోటల్లో పండేది. ఎంత ఖరీదైనదంటే యెరికో తోటల్ని రోమన్ సేనాని ఆంటోనీ క్లియోపాత్రాకి ఇచ్చాడని, హేరోదు రాజు వాటిని ఆవిడ దగ్గర కౌలుకి తీసుకున్నాడని యూదు చరిత్రకారుడు జోసీఫస్ రాశాడు. యూదయని గెలిచాక రోమన్ చక్రవర్తి వెస్పాసియన్, ఆయన కొడుకు టైటస్ ఆ చెట్టునే రోమ్‌కి తీసుకెళ్ళి జనానికి చూపించారని రోమన్ రచయిత ప్లినీ రాశాడు. ఆ చెట్టు కొమ్మిఫోరా జాతిది అంటారు, మన ఆయుర్వేదంలో గుగ్గులు ఇచ్చే చెట్టు కూడా ఆ జాతిదే. గిలాదులో బామ్ లేదా అని యిర్మీయా గ్రంథంలో ఉన్న ప్రశ్న ఇంగ్లీష్‌లో చాలా ప్రసిద్ధం, దాన్ని తెలుగు బైబిల్లో గుగ్గిలం అని అనువదించారు, మూలంలో ఉన్నది బోసెమ్ కాదు ఇంకో మాట, అదీ చెట్టు బంకే. గుగ్గిలం అని పెట్టినవాళ్ళకి దండం పెట్టాలనిపిస్తుంది, వాసన వేసే బంక, పొగ వేసేది, మందులో కలిపేది, ఒక్క మాటలో అన్నీ వచ్చాయి.

బైబిల్ అన్నాను కాబట్టి ఇదీ. క్రీస్తు అనే మాట గ్రీకులో పూయడం అనే క్రియ నుంచి వచ్చింది, నూనె పూయబడినవాడు అని, హీబ్రూ మెస్సీయకి అది అనువాదం. తెలుగులో అభిషిక్తుడు అన్నారు, మన దగ్గర రాజుకి పూయడం కంటే పోయడం ఉంది కాబట్టి. ఆ గ్రీకు క్రియ నుంచే చర్చిలో పూసే నూనెకి క్రిస్మ అని పేరు వచ్చింది, అది ఫ్రెంచ్‌లో పాల మీగడకి ఉన్న ఇంకో మాటతో కలిసిపోయి క్రీమ్ అయింది. మెడికల్ షాపులో ఆయింట్‌మెంటా క్రీమా అని అడుగుతారు కదా, ఆ రెండు పేర్లూ పూయడం నుంచే వచ్చాయి, ఒకటి లాటిన్ వైపు, ఒకటి గ్రీకు వైపు. ఇప్పటి ఫార్మసీలో తేడా ఏంటంటే ఆయింట్‌మెంట్‌లో దాదాపు అంతా జిడ్డే, అందుకే జిగురుగా చాలాసేపు ఉంటుంది, పొడిబారిన చర్మానికి మంచిది, క్రీమ్‌లో నీళ్ళు బాగా కలుస్తాయి కాబట్టి త్వరగా ఇంకిపోతుంది.

ఆ జిడ్డు కూడా ఇప్పుడు నెయ్యి కాదు. అమెరికాలో చమురు బావుల దగ్గర గొట్టాలకి అంటుకునే మైనం లాంటి పదార్థాన్ని అక్కడి పనివాళ్ళు కోసుకున్నచోట, కాలినచోట రాసుకుంటుంటే రాబర్ట్ చెస్‌బ్రో అనే ఆయన చూసి, శుద్ధి చేసి, 1872లో పేటెంట్ తీసుకుని వాజెలీన్ అని పేరు పెట్టాడు. అప్పటి నుంచి నెయ్యి, పందికొవ్వు పోయి పెట్రోలియం జెల్లీ వచ్చింది, నెయ్యి ముక్కిపోతుంది, ఇది ముక్కిపోదు. పని మారలేదు, జిడ్డు మారింది.

తెలుగులో ఇంకో మాట ఉండేది, మలాము. పెద్దవాళ్ళు మలాం పట్టీ అనేవాళ్ళు. అది అరబ్బీ మర్హమ్, పర్షియన్ మీదుగా హిందుస్తానీలోకి వచ్చి మర్హమ్, మల్హమ్ అని రెండు రకాలుగా అంటారు, ర పోయి ల వచ్చిన రూపం మన దాకా వచ్చింది. ఇప్పుడు వినబడటం తగ్గిపోయింది, నాకు బాధగా ఉంటుంది, పలకడానికే మెత్తగా ఉండే మాట.

ఆయింట్‌మెంట్‌కి తెలుగులో ఏమనాలి అని ఎవరైనా అడిగితే నేను లేపనం అనమని పట్టుబట్టను. లేపనం సంస్కృతం నుంచి వచ్చింది, ఆయింట్‌మెంట్ ఇంగ్లీష్ నుంచి వచ్చింది, ఆ మాటకి మన అంజనంతో రక్తసంబంధం ఉందని చూశాం కదా, కాబట్టి మరీ పరాయిదని దూరం పెట్టక్కర్లేదు. కానీ మన సొంత మాట ఒకటి ఇంకా బతికే ఉంది, అది పోకూడదని నా కోరిక. పూయు, పూత, పూతమందు. తమిళంలో పూసు, కన్నడలో పూసు, మనకి పూయు, పూసుకోవడం, ఇది ద్రావిడ భాషల ఉమ్మడి ఆస్తి. మందు డబ్బాల మీద సన్న అక్షరాల్లో పైపూతకు మాత్రమే అని వేస్తారు, ఎవరు మొదట రాశారో గానీ అంత పొట్టిగా, అంత తెలుగుగా, చదవడం వచ్చిన ఎవరికైనా వెంటనే అర్థమయ్యేలా రాశారు. బాహ్య ఉపయోగార్థం అని కొన్నిటి మీద చూశాను, దయచేసి అది వద్దు, పైపూతకు అనే వేయండి.